‘డు’, ‘ది’, ‘రు’: ఎవరికి ఏది?

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం ఆడవాళ్లనూ, పశువులనూ, జడపదార్థాలనూ తీసేస్తే మిగిలేవే మహత్తులు. అందుకే మగవాడు ‘వచ్చాడు’, ఆడమనిషి ‘వచ్చింది’, ఎద్దూ ‘వచ్చింది’, బస్సూ ‘వచ్చింది’. భాషలో పురుషాధిక్యత ఎట్లా కూర్చుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణే. కాని అక్కడే ఆగితే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. ఈ ‘ది’ నుంచి ‘రు’కి ఎక్కే ఆడవాళ్లు ఎవరు?

ఏ దినపత్రికైనా తిరగెయ్యండి. కలెక్టరమ్మ ‘చెప్పారు’, మంత్రిగారి భార్య ‘పాల్గొన్నారు’. పొలంలో పిడుగు పడిన కూలిమనిషి మాత్రం ‘చనిపోయింది’. పక్కనే పడిపోయిన ఆమె మొగుడు ‘చనిపోయాడు’. అతనికీ ‘రు’ దక్కలేదు, నిజమే. ‘డు’ అయినా దక్కింది, మనుషుల్లో చేరాడు.

ఊళ్లో సంగతి ఇంకా మొరటు. కామందు ఇంటి పదేళ్ల పిల్లోడు అరవయ్యేళ్ల మాదిగ ముసలమ్మను ‘ఏమే, ఇట్రా’ అనడం, ఆమె వాణ్ణి ‘అయ్యా’ అనడం మనం ఎరిగిందే. వాడొక్కడే కాదు, వాడి తల్లీ అట్లాగే పిలుస్తుంది. ఆ తల్లి ఇంట్లో మొగుణ్ణి ‘ఏమండీ’ అంటూ, అతని చేత ‘ఏమే’ అనిపించుకునేదే. తన మీద పడ్డ మాటనే తెచ్చి ఇంకో ఆడదాని మీద, తనకంటే వయసులో పెద్దదాని మీద, వేస్తుంది. ‘స్త్రీలందరూ ఒకటే’ అనే వాళ్లు ఈ పెరట్లోకి వచ్చి మాట్లాడాలి. (మా ఇళ్లల్లో ‘అమ్మ వచ్చింది’ అంటాం, అందులో చిన్నచూపేమీ లేదు. పేచీ ‘ది’తో కాదు, ఎవరు ఎవర్ని అంటున్నారనే దానితో.)

బహువచనంలో కథ మారుతుంది. ఆడవాళ్లు పదిమంది అయితే వ్యాకరణమే వాళ్లను మగవాళ్లతో కలిపి ‘వచ్చారు’ అంటుంది. 1992లో నెల్లూరు జిల్లాలో దూబగుంట పేరుతో లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో జరిగింది అదే. దుకాణాలు మూయించినవాళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలి స్త్రీలు. పత్రికల్లో వాళ్లు ‘మహిళలు’ అయ్యారు, ‘తల్లులు’ అయ్యారు. గౌరవం దక్కింది, కులం మాయమైంది, కూలి మాయమైంది. సారా అంటే మొగుడి తాగుడూ తన్నులూ మాత్రమే కాదు. కూలి డబ్బులు కాంట్రాక్టరు జేబులోకీ, అక్కణ్ణుంచి ఎన్నికల ఖర్చులోకీ పోయే దారి, ప్రభుత్వానికి ఎక్సైజు రాబడి. పత్రికలకి మాత్రం తాగుబోతు మొగుడు, ఏడ్చే భార్య కథే ఎక్కువ రుచించింది. ఆ కథలో దోషి కూడా వాడలోనే దొరుకుతాడు కదా! కాంట్రాక్టరు ఇంటి దాకా పోనక్కర్లేదు.

1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఊరేగింపులు అయిపోయి ఎవరి పనికి వాళ్లు పోయాక, కళ్లంలో ఒక్కతే నిలబడ్డ మనిషి మళ్లీ ‘ఏమే’ అయింది. ‘అయింది’ అనే నేనూ రాశాను, చూడండి. ‘అయ్యారు’ అని రాయబోతే ఎవరి గురించో రాస్తున్నట్టుంది.