మందు మానిన తరువాత: తెలుగు మనోవ్యాధి కథనంలో ఒక ఖాళీ – ఉద్దానం నేపథ్యం

‘మందు మానేశాడు’ అన్న వాక్యం తెలుగులో మెచ్చుకోలు. వినేవారికి ముందు స్ఫురించేది మద్యం. ‘మందు పెట్టారు’ అంటే అనుమానం, చేతబడి ఛాయ. వైద్యుడు చీటీ మీద రాసే మందు ఈ రెంటి మధ్య ఇరుక్కున్న మూడో అర్థం. మనోవ్యాధికి ఏళ్ల తరబడి వాడిన మాత్రను ఆపి, ఆ తరువాత నెలల పాటు బాధపడే మనిషి తన స్థితిని చెప్పుకోవలసింది ఈ మాటతోనే. పరిభాషలో ‘ఉపసంహరణ లక్షణాలు’ అన్న అనువాదం ఉంది గాని, అది ఏ రోగి నోటా పలికే మాట కాదు.

ఆ స్థితి ఊహాజనితం కాదు. కుంగుబాటుకు వాడే మందులను, డయాజిపామ్, ఆల్ప్రాజోలం వంటి ఆందోళన మాత్రలను ఆపినప్పుడు తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, కారణం లేని భయం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం వంటివి కొందరిలో కనిపిస్తాయి. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో హీథర్ ఆష్టన్ 1982 నుంచి 1994 వరకు ఇలాంటి మాత్రలు మానేవారి కోసమే ఒక క్లినిక్ నడిపారు. కుంగుబాటు మందుల విషయంలో గుర్తింపు ఆలస్యమైంది. మానినప్పటి బాధ స్వల్పమనీ, ఒకటి రెండు వారాలలో తగ్గిపోతుందనీ చెప్పిన బ్రిటన్ మనోవైద్యుల రాయల్ కాలేజీ 2019లో తన వైఖరి మార్చుకొని, కొందరిలో అది తీవ్రంగా, దీర్ఘకాలం ఉండవచ్చునని ఒప్పుకొంది. ఎంతమందికి అన్నది నేటికీ వివాదమే. 2024లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వచ్చిన సమీక్ష, ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలోనూ కనిపించే లక్షణాలను మినహాయించి, సుమారు 15 శాతమని లెక్కకట్టింది. కొద్దికాలం వాడినవారి అధ్యయనాలే ఎక్కువగా చేరిన లెక్క ఏళ్లుగా వాడినవారికి వర్తించదని విమర్శకుల వాదన. ఆ వాదన బలమైనదే.

తెలుగు నవల మనసును చాలా ముందే పట్టుకుంది. గోపీచంద్ సీతారామారావు, రావిశాస్త్రి సుబ్బయ్య, నవీన్ ‘అంపశయ్య’లోని రవి మన విమర్శకు చిరపరిచితులు. అయితే ‘అసమర్థుని జీవయాత్ర’, ‘అల్పజీవి’ వెలువడే నాటికి కుంగుబాటు మందులు వాడుకలోకే రాలేదు. మొదటి కుంగుబాటు మందులు 1950ల చివరివి. కాబట్టి ఆ నవలల్లో మాత్ర లేకపోవడం లోపం కాదు. వాటి నుంచి తీసుకున్న కొలబద్దను మాత్రల కాలానికీ యథాతథంగా వాడుతున్న విమర్శదే లోపం. ఆ కొలబద్ద ప్రకారం పాత్ర బాధకు మూలం బాల్యంలోనో, ఆర్థిక స్థితిలోనో, ఆత్మన్యూనతలోనో ఉండాలి. బాధ శరీరం నుంచి, అదీ చికిత్స ఆగిన శరీరం నుంచి, పుట్టవచ్చునన్న ఊహకు అందులో చోటు లేదు.

దీని ఫలితం ‘తిరగబెట్టింది’ అన్న ఒక్క క్రియలో కనిపిస్తుంది. మందు ఆపాక వచ్చే ప్రతి బాధకూ ఇంటివారు, ఇరుగుపొరుగు, తరచు వైద్యుడూ వాడేది అదే. అసలు జబ్బు తిరిగి రావడానికీ, మందు ఆగడం వల్ల కలిగే బాధకూ తేడాలున్నాయి. రెండోది చాలావరకు మానిన రోజులలోనే మొదలవుతుంది. మునుపు ఎరగని లక్షణాలు తెస్తుంది. మాత్ర మళ్లీ వేస్తే తొందరగా సర్దుకుంటుంది. రెంటినీ ఒకే మాట మింగేస్తే మనిషి జీవితాంతం మందుకు కట్టుబడవచ్చు. నాణేనికి రెండో వైపూ అంత ప్రమాదకరమే: నిజంగా తిరిగివచ్చిన జబ్బును ‘మానిన బాధే’ అని ఉపేక్షిస్తే ప్రాణాపాయం. మోతాదును మెల్లగా, చివరి దశలో మరింత మెల్లగా తగ్గించాలని నేటి మార్గదర్శకాలు చెప్పేది ఇందుకే. అడుగున మిగిలిన చిన్న మోతాదు కూడా మెదడుపై చూపే ప్రభావం పెద్దది. మాత్రను సగం విరిచి, ఆ సగాన్నీ ఒక్కసారిగా ఆపడం క్రమపద్ధతి కాదు.

ఉద్దానంలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. కొబ్బరి, జీడి తోటల పచ్చదనం వల్ల ‘ఉద్యానం’ నుంచి వచ్చిన పేరని చెప్పుకునే ఈ ప్రాంతం ఇప్పుడు పత్రికలకు కిడ్నీ జబ్బుకు పర్యాయపదం. 2018 అక్టోబరులో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటలను కూల్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కథనాలన్నీ నీటి పరీక్షలు, డయాలసిస్ చుట్టూ తిరుగుతాయి; అవి అవసరమే. కాని మూత్రపిండం మనోవ్యాధి చికిత్సకు బయటి విషయం కాదు. ఉన్మాద, విషాదాల మధ్య ఊగే జబ్బుకు ఇచ్చే లిథియం మూత్రపిండాల ద్వారానే వెలుపలికి పోతుంది. అవి దెబ్బతింటే లిథియం రక్తంలో పేరుకుంటుంది. మోతాదు తగ్గించాలి, లేదా ఆపాలి. దాన్ని హఠాత్తుగా ఆపితే ఉన్మాదం తిరిగి వచ్చే అపాయం పెరుగుతుంది. అంటే ఈ తీరంలో మందు మానడం ఎప్పుడూ రోగి ఇష్టమో, నిర్లక్ష్యమో కాకపోవచ్చు. ఒక అవయవం కోసం మరో అవయవానికి చేసే చికిత్సను వదులుకోవడం కావచ్చు. బస్సు చార్జీ, పోయిన రోజు కూలి వల్ల ఆగిపోయే మాత్రల సంగతి వేరు. దానిని మానడం అనడం కూడా తప్పే.

ఉద్దానంపై మౌఖిక కథనాలు సేకరించే పరిశోధకులు జబ్బు మొదలైన ఏడు, తాగిన నీరు, చేసిన కూలి అడుగుతారు. ఏ మాత్ర ఎప్పుడు ఆగింది, ఎవరు ఆపమన్నారు, ఆపిన ఎన్నో నాటికి బాధ మొదలైంది అన్నవి ఆ ప్రశ్నావళిలో చేరితే, ‘తిరగబెట్టింది’ అన్న మాట వెనుక ఉన్న రెండు వేర్వేరు కథలు విడివిడిగా వినిపించే వీలుంటుంది.