నాడి పట్టి చూసే పని

డేటాబేస్ నెమ్మదించిందంటే అందరూ ముందు డిస్కునే తప్పుపడతారు. డిస్కు పని లెక్కలు చూపే ఐఓస్టాట్‌లో చూస్తే డిస్కు నిక్షేపంగా ఉంటుంది. అప్లికేషన్ మాత్రం ఎదురుచూస్తూనే ఉంటుంది. మధ్యలో ఫైల్ సిస్టమ్ ఒకటుందని, లాక్ కోసమో జర్నల్ కోసమో అక్కడా వరుసలో నిలబడాల్సి వస్తుందని గుర్తుంచుకుని, సరిగ్గా అక్కడే నాడి పట్టి చూసేవాళ్లంటే నాకెంతో గౌరవం.

చెప్పుకుంటే చిన్న పనే. కెర్నెల్‌లో రీడ్ ఫంక్షన్ మొదలవగానే టైమ్ రాసుకోవాలి, ముగియగానే తీసివేత చెయ్యాలి. నడుస్తున్న సర్వర్‌ను ఆపకుండా ఇది చేయనిచ్చేది లినక్స్ కెర్నెల్‌లోని ఈబీపీఎఫ్. ఈబీపీఎఫ్ పనిముట్ల సంపుటి బీసీసీ కోసం బ్రెండన్ గ్రెగ్ రాసిన, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను కొలిచే ఈఎక్స్‌టీ4డిస్ట్ ఆ అంకెల్ని, మెట్టు మెట్టుకీ రెట్టింపయ్యే మైక్రోసెకన్ల వరుసలో పేరుస్తుంది. తిరిగే డిస్కున్న మెషీన్‌లో తరచూ రెండు గుట్టలు లేస్తాయి. మెమరీలోని పేజ్ క్యాష్‌లో దొరికిన రీడ్‌లు కొద్ది మైక్రోసెకన్ల దగ్గర, డిస్కు దాకా వెళ్లొచ్చినవి వేల మైక్రోసెకన్ల దగ్గర. సగటు మాత్రం ఆ రెంటి నడుమ, దాదాపు ఏ రీడూ లేని చోట కూర్చుంటుంది! సగటు చూసి తృప్తిపడరు వీళ్లు, అదీ నాకు నచ్చేది.

అదే సంపుటిలోని ఈఎక్స్‌టీ4స్లోయర్ ఇంకా సూటి. మనం వేరే హద్దు చెప్పకపోతే 10 మిల్లీసెకన్లు దాటిన వాటినే పట్టుకుని, ఏ ప్రాసెస్, ఎన్ని బైట్లు, ఎంతసేపు, ఏ ఫైలు అని వరుసకొకటిగా చెబుతుంది. పని రకం చూపే ‘టీ’ గడిలో ‘ఎస్’ కనిపిస్తే అది ఎఫ్‌సింక్. రాసింది డిస్కుకు చేరేదాకా ఆ ప్రోగ్రామ్ అక్కడే ఆగిందన్నమాట.

ఈసారి సర్వర్ మొరాయిస్తే, కొత్త డిస్కుకు ఆర్డర్ పెట్టేముందు ఒక్క నిమిషం ఈఎక్స్‌టీ4స్లోయర్‌ని నడిపి చూడండి.