పడిపోయినవాళ్ల సంగతేంటి? ‘ఫోర్త్ వింగ్’ చదివాక

రెబెకా యారోస్ నవల ‘ఫోర్త్ వింగ్’లో మనకు మొదట కనిపించే ప్రేమికుడు హీరో కాదు, డిలన్ అనే కుర్రాడు. సైనిక కాలేజీలో చేరడానికొచ్చి, లైన్లో నిలబడి, తన అమ్మాయి కోసం దాచుకున్న ఉంగరం గురించి చెప్తాడు. కాసేపటికే లోయ మీదున్న సన్నటి రాతి వంతెన దాటుతూ జారి పడి చనిపోతాడు. కథ అతన్ని అక్కడే వదిలేసి ముందుకెళ్లిపోతుంది. ఐదొందల పేజీలు పూర్తయ్యాక నాకు హీరో జేడెన్ కన్నా ఈ డిలనే ఎక్కువ గుర్తున్నాడు. ఎందుకన్నదే ఈ వ్యాసం. చివరి మలుపులు కూడా చెప్పేస్తాను, ఇంకా చదవనివాళ్లు చూసుకోండి.

ఈ పుస్తకం 2023 మేలో వచ్చింది. అదే ఏడాది నవంబరులో రెండో భాగం ‘ఐరన్ ఫ్లేమ్’, 2025 జనవరిలో మూడోది ‘ఆనిక్స్ స్టార్మ్’ వచ్చాయి. ఆ మూడోది అమెరికాలో మొదటి వారంలోనే 27 లక్షల కాపీలు అమ్ముడైంది. నేను మొదటి భాగాన్ని ఎక్కువగా మెట్రోలోనే చదివాను. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి అమీర్‌పేట, అక్కడ రైలు మారి హైటెక్ సిటీ. అంత దూరంలో నిద్ర రానివ్వని పుస్తకాలు తక్కువ. ఇది రానివ్వలేదు. ఆ మాట ముందే ఒప్పుకోవాలి.

కథ ఇదీ. నవార్ అనే రాజ్యం. అక్కడ బాస్గయత్ వార్ కాలేజీ. ఇరవయ్యేళ్ల వయొలెట్ తండ్రిలాగా గ్రంథాల మధ్య బతుకుదామనుకుంటుంది. తల్లి జనరల్ లిలిత్ మాత్రం కూతుర్ని డ్రాగన్ రైడర్ల విభాగంలోకి తోస్తుంది. అక్కడ వంతెన మీద పడితే చావు, అడ్డంకుల పరుగులో పడితే చావు, డ్రాగన్‌కు నచ్చకపోతే చావు. తోటి విద్యార్థి చంపినా పెద్దగా అడిగేవాళ్లు లేరు. రోజూ చనిపోయినవాళ్ల పేర్లు అందరి ముందూ చదువుతారు. ఆ కాలేజీలోనే జేడెన్ రియర్సన్ ఉన్నాడు. అతని తండ్రి తిరుగుబాటు నాయకుడు. ఆ తిరుగుబాటును అణిచింది వయొలెట్ తల్లే. కాబట్టి అతను ఈమెను చంపాలి. చంపడు. ప్రేమిస్తాడు.

దీన్ని డార్క్ రొమాన్స్ అనేవాళ్లూ ఉన్నారు. మామూలుగా ఆ పేరుతో వచ్చే నవలల్లో చీకటంతా ప్రేమికుడిలోనే ఉంటుంది. బెదిరిస్తాడు, బంధిస్తాడు, కాదన్నా వినడు. జేడెన్ అలాంటివాడు కాదు. తిరుగుబాటుదారుల పిల్లలు 107 మందికి తాను పూచీ ఉంటానని చెప్పి, ఒక్కొక్కరికి ఒకటి చొప్పున వీపు మీద 107 కోతలు భరించినవాడు. వయొలెట్ ఇష్టాన్ని అడిగి తెలుసుకుంటాడు. పైకి కర్కశం, లోపల వెన్న. ఇలాంటి హీరో తెలుగు పాఠకులకు కొత్తేం కాదు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరం దగ్గర్నుంచీ మన అమ్మలు, పిన్నులు వార పత్రికల్లో, అద్దె పుస్తకాల్లో చూస్తూ వచ్చినవాడే. కారు బదులు డ్రాగన్ వచ్చింది, అంతే.

అలాగని నవలని తీసిపారేయలేను. ఇందులో నాకు బాగా నచ్చింది ప్రేమ కన్నా శరీరం. వయొలెట్ కీళ్లు ఇట్టే జారిపోతాయి, ఎముకలు తేలిగ్గా విరుగుతాయి. రచయిత్రికి ఎలర్స్ డాన్లోస్ సిండ్రోమ్ ఉంది. ఆ అనుభవాన్నే జబ్బు పేరు చెప్పకుండా తన నాయికకిచ్చింది. వయొలెట్ పొద్దున్నే కట్లు కట్టుకుంటుంది, నొప్పిని లెక్కేసుకుంటుంది, బలంతో గెలవలేని చోట ప్రత్యర్థికి ముందే విషం పెడుతుంది. చివరికి డ్రాగన్ మీద కూర్చోడానికి ఆమెకు జీను కావాల్సొస్తుంది. జీను వాడితే అది గెలుపు కాదన్న మాటను నవల ఒప్పుకోదు. ఈ ఒక్క విషయంలో యారోస్ తన జానర్‌లో చాలామందికన్నా ముందుంది.

ఇంకోటి డేన్. వయొలెట్ చిన్ననాటి స్నేహితుడు. ఎప్పుడు చూసినా నువ్వు తట్టుకోలేవు, వెళ్లిపో అంటుంటాడు. జేడెన్ మాత్రం ఎలా తట్టుకోవాలో నేర్పిస్తాడు. ప్రేమ పేరుతో వెనక్కి లాగేవాడికి, ముందుకు తోసేవాడికి తేడా ఏంటో నవల బాగా పట్టుకుంది. పైగా డేన్, తాకితే జ్ఞాపకాలు చదవగల శక్తితో, ఆమె అనుమతి లేకుండానే ఆమె జ్ఞాపకాలు చదివేశాడని చివర్లో తెలుస్తుంది. మంచివాడనిపించుకునే మనిషి చేసే దొంగతనం అది. జేడెన్ చేసే ఏ పని కన్నా నన్ను అదే ఎక్కువ భయపెట్టింది.

కానీ ఇక్కడే నాకో చిక్కు ఎదురైంది. వెళ్లిపో అన్న డేన్ తప్పు, నిలబడు అన్న జేడెన్ ఒప్పు. సరే. మరి ఆ కాలేజీ అలా ఎందుకుండాలి అని అడిగేవాళ్లెవరు? సరిహద్దులో యుద్ధం నడుస్తోంది, రైడర్లు కావాలి. అలాంటప్పుడు చేరినవాళ్లలో అంతమందిని మొదటి ఏడాదిలోనే చంపుకోవడం ఏం లెక్క? నేను రోజూ పనిచేసే సిస్టమ్స్‌లో ఒక ఫిల్టర్ ఇంత సరుకు పారేస్తుంటే, మొదట అనుమానించేది ఫిల్టర్‌ని. నవల సరుకునే అనుమానిస్తుంది. బలహీనులు పోయారు, బలమైనవాళ్లు మిగిలారు అంటుంది. వయొలెట్ మిగిలింది కాబట్టి ఫిల్టర్ సరైనదే అనిపిస్తుంది. ఆమెకు డ్రాగన్లు దొరికాయి, ఒకటి కాదు రెండు. శక్తి దొరికింది, ప్రేమ దొరికింది. అదే వంతెన మీద డిలన్‌కి కాలు జారింది. ఇద్దరికీ మధ్య తేడా యోగ్యతా? ఆ ఉదయం కురుస్తున్న వానా?

నవల్లో ఒక సన్నివేశముంది. జెరెమయా అనే కుర్రాడికి ఇతరుల మనసులు చదివే శక్తి బయటపడుతుంది. ఆ శక్తి ప్రమాదకరమని ప్రొఫెసర్ కార్ అందరి ముందూ వాడి మెడ విరిచేస్తాడు. ఒక గురువు, తన విద్యార్థిని. కాసేపు అందరూ నిర్ఘాంతపోతారు, తర్వాత మళ్లీ శిక్షణ, మళ్లీ ప్రేమ. చివర్లో వయొలెట్ రాజ్యం దాస్తున్న పెద్ద అబద్ధాన్ని కనిపెడుతుంది. సరిహద్దు అవతల జనాన్ని చావుకి వదిలేశారని తెలిసి తిరగబడుతుంది. కాలేజీ పద్ధతి మాత్రం బోనెక్కదు. రెండో భాగంలో హింస ఇంకా పెరుగుతుంది కానీ, అదంతా వారిష్ అనే ఒక్క అధికారి ఖాతాలో పడుతుంది. అతను చచ్చాక లెక్క తేలిపోయినట్టే.

ఇదే నేపథ్యంతో ఇంకోలా రాయొచ్చని సబా తాహిర్ 2015లోనే ‘యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్’లో చూపించింది. ఆమె పాకిస్తానీ మూలాలున్న అమెరికన్ రచయిత్రి. అక్కడా సైనిక అకాడమీయే, బ్లాక్‌క్లిఫ్. అక్కడా కమాండెంట్ హీరో కన్నతల్లే. ఆరేళ్ల పిల్లల్ని పట్టుకొచ్చి, తర్వాత కొన్నేళ్లు అడవులూ ఎడారుల మీద వదిలేస్తారు. పారిపోబోయిన పదేళ్ల పిల్లాణ్ణి విద్యార్థులందరి ముందూ కొరడాతో కొట్టి చంపుతారు. అయితే ఇలాయస్ అక్కడ అత్యుత్తమ సైనికుడు, అయినా మొదట్నుంచీ పారిపోవాలనే చూస్తుంటాడు. మొదటి పరీక్షలో అతనికి ఒక మైదానం నిండా శవాలు కనిపిస్తాయి, అవన్నీ తాను చంపినవాళ్లవీ, చంపబోయేవాళ్లవీ. మూడో పరీక్షలో సొంత స్నేహితుల్ని చంపాల్సొస్తుంది. గెలుస్తాడు. ఆ గెలుపు అతన్ని వదలదు, మనల్నీ వదలదు. ప్రేమ అక్కడా ఉంది కానీ, అది గెలిచినందుకు దొరికే బహుమతి కాదు. బయటపడ్డానికి దొరికిన కారణం. శిల్పం పరంగా ‘ఫోర్త్ వింగ్’ కన్నా గొప్ప నవలేం కాదు, ఊపు తక్కువే. కానీ ఫిల్టర్‌ని తప్పుబట్టే ధైర్యం దానికుంది.

ఊహాలోకపు కాలేజీ గురించి ఇంత గొడవెందుకు అనొచ్చు. మా హయత్‌నగర్‌లో హైవే మీద నిలబడి చుట్టూ చూడండి. రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల హోర్డింగులు, వాటి మీద ర్యాంకులొచ్చిన ముఖాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్లెక్కితే చాలు కోచింగ్ సెంటర్. నేను కూడా రెండేళ్లు అలాంటి హాస్టల్లోనే చదివాను. తెల్లారకముందే స్టడీ అవర్, మార్కుల్ని బట్టి సెక్షన్, సెక్షన్ని బట్టి లెక్చరర్ పలకరింపు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఆ రోజుల్ని తల్చుకుంటాం, అక్కడ నలిగాం కాబట్టే ఇక్కడున్నాం అనుకుంటాం. ఆ గ్రూపులో మధ్యలో మానేసి ఇంటికెళ్లిపోయినవాళ్లు లేరు. ఉంటే ఆ మాట అనేవాళ్లం కాదేమో.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవైమందికి పైగా పిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. ఫలితాల ప్రాసెసింగ్‌లో తప్పులు జరిగాయని తర్వాత ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీయే చెప్పింది. తప్పు ఫిల్టర్‌లో కూడా ఉందన్నమాట. ఆ రోజుల్లో పిల్లలు ధైర్యంగా ఉండాలని చెప్పినవాళ్లు చాలామంది. ధైర్యంగా ఉండడానికి వాళ్లేమైనా యుద్ధానికెళ్లారా?

అందుకే ‘ఫోర్త్ వింగ్’ మనకి అంత తేలిగ్గా ఎక్కుతుందని నా అనుమానం. బాస్గయత్ మనకి కొత్త లోకం కాదు, డ్రాగన్లున్న ఇంటర్ హాస్టల్. నవల మనకో తీపి మాట చెప్తుంది: నువ్వు నలిగింది ఊరికే కాదు, నీలో ఏదో ఉంది కాబట్టే మిగిలావు, నిన్ను గుర్తించే మనిషి కూడా దొరుకుతాడు. మిగిలినవాళ్లకి ఆ మాట కావాలి, నాక్కూడా కావాలి. తప్పు లేదు. కానీ అది మిగిలినవాళ్ల కోసం మాత్రమే రాసిన మాట.

చదవొద్దని చెప్పను. చదవండి, వయొలెట్ కోసమైనా చదవండి. వీలైతే వెంటనే సబా తాహిర్ నవల కూడా పట్టుకోండి. కాలేజీలో రోజూ పేర్లు చదివే ఘట్టాలొచ్చినప్పుడు మాత్రం, జేడెన్ మళ్లీ ఎప్పుడొస్తాడా అని పేజీ తిప్పేయకుండా, ఆ పేర్లని ఒక్కసారి పైకి చదవండి. డిలన్ చెప్పిన ఉంగరం కోసం ఎక్కడో ఒకమ్మాయి ఎదురుచూస్తూ ఉండాలి కదా. ఆమెకు ఎవరు కబురు చెప్పారో ఈ నవల్లో ఎక్కడా లేదు.