ఆశ ముగిసిన వియోగం: ‘అస్ అండ్ దెమ్’, ‘జాను’ చిత్రాలపై ప్రేక్షకుల అభిప్రాయ భేదాలు – రసదృష్టి

కీలక పదాలు: విప్రలంభం, కరుణం, ఔచిత్యం, వియోగం, ప్రేక్షకుడు, చలనచిత్రం.

1. ప్రవేశిక

ఒకే ప్రేమకథను చూసి ఒకరు కంట తడి పెడతారు, మరొకరు విసుక్కుంటారు. దీనిని అభిరుచి భేదమని తేల్చివేయడం సులభం. కాని అభిప్రాయ భేదం సాధారణంగా కథలోని ఒక నిర్దిష్ట స్థానం నుంచే పుడుతుంది. ఆ స్థానాన్ని గుర్తించడం విమర్శ బాధ్యత. 2018 ఏప్రిల్‌లో విడుదలైన చైనా చిత్రం ‘అస్ అండ్ దెమ్’, 2020 ఫిబ్రవరి 7న విడుదలైన తెలుగు చిత్రం ‘జాను’ ఈ పరిశీలనకు ఆధారాలు.

2. కథాసంవిధానం

‘అస్ అండ్ దెమ్’ గాయని, నటి రెనీ ల్యూ దర్శకత్వం వహించిన తొలి చిత్రం. చైనా భాషలో దాని పేరుకు ‘తరువాతి మనం’ అని అర్థం. 2007లో నూతన సంవత్సర పండుగకు ఊరికి వెళ్తున్న రైలులో జియాన్‌చింగ్, షావ్‌షావ్ పరిచయమవుతారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి సొంతూళ్లకు కదిలే జనాన్ని ఎరిగిన తెలుగు ప్రేక్షకునికి ఆ ప్రయాణం కొత్తది కాదు. బీజింగ్‌లోని ఇరుకు అద్దె గదిలో వారి ప్రేమ పెరిగి, పేదరికపు ఒత్తిడికి తెగిపోతుంది. పదేళ్ల తరువాత ఇద్దరూ ఒకే విమానంలో కలుస్తారు. ఆ ప్రయాణం రద్దు కావడంతో గతాన్ని తవ్వుకుంటారు. అప్పటికి అతడు వివాహితుడు, ఒక బిడ్డకు తండ్రి. సాధారణ పద్ధతికి భిన్నంగా ఇందులో గతం రంగులలోనూ, వర్తమానం నలుపు తెలుపులలోనూ కనిపిస్తాయి.

‘96’ అనే తమిళ చిత్రానికి పునర్నిర్మాణమైన ‘జాను’లోనూ దర్శకుడు సి. ప్రేమ్‌కుమారే. బడి రోజుల్లో విడిపోయిన రామ్, జాను ఏళ్ల తరువాత పూర్వవిద్యార్థుల కలయికలో కలుసుకుంటారు. హైదరాబాదులో ఒక రాత్రి గడిచాక ఆమె సింగపూర్ విమానం ఎక్కుతుంది. 2008 మార్చి నుంచి హైదరాబాదు విమానాశ్రయమంటే శంషాబాదే. చదువులకు, కొలువులకు, కాపురాలకు తరలిపోయే వారికి వీడ్కోలు చెప్పే ఆ చోటు తెలుగు కుటుంబాలకు నిత్యపరిచితం.

3. అభిప్రాయ భేదాలు

ఈ చిత్రాలపై వినవచ్చే అభిప్రాయాలు స్థూలంగా మూడు విధాలు. మొదటిది, ఇంత ప్రేమ ఉండగా ఎందుకు కలవలేదన్న అసంతృప్తి. రెండవది, కలవకపోవడమే పరిణతి అన్న ప్రశంస. మూడవది నైతికమైన ఆక్షేపం. చైనా చిత్రంలో నాయకుడు, తెలుగు చిత్రంలో నాయిక వివాహితులు. ఇంట్లో జీవిత భాగస్వామి ఉండగా పాత ప్రేమకు ఇంత గౌరవమా అన్నది ఈ పక్షం ప్రశ్న.

4. విప్రలంభమా, కరుణమా?

మొదటి రెండు పక్షాల వివాదానికి భరతుని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో సమాధానం ఉంది. విప్రలంభం సాపేక్షం, అంటే అందులో పునస్సమాగమాశ ఉంటుంది. కరుణం నిరపేక్షం, అంటే అందులో ఆ ఆశ ఉండదు. తరువాతి ఆలంకారికులు ‘కరుణవిప్రలంభం’ అనే భేదాన్నీ చెప్పారు. బాణుని ‘కాదంబరి’లో పుండరీకుడు మరణించినా మహాశ్వేతకు ఆశ మిగిలింది. ఈ చిత్రాలలో దీనికి విపర్యయం కనిపిస్తుంది. ఇక్కడ ఇద్దరూ జీవించే ఉన్నారు, మరణించింది ఆశ.

ఇందుకు చిత్రాలలోనే సాక్ష్యం ఉంది. కారు ప్రయాణంలో జియాన్‌చింగ్, షావ్‌షావ్ ‘అలా జరిగి ఉంటే’ అన్న ఊహలనే తలపోస్తారు. విడిపోయిన రోజున ఆమె ఎక్కిన మెట్రో రైలు తలుపు ముందు అతడు నిలబడిపోయాడు, లోపలికి అడుగు వేయలేదు. ‘జాను’లో నాయిక, రామ్ శిష్యురాండ్రకు తమ ప్రేమ ఫలించినట్లు ఒక కల్పిత కథ చెబుతుంది. ఆశ భవిష్యత్తును కోరుతుంది. ఈ ‘అయి ఉంటే’లన్నీ భూతకాలానివి. కనుక ఇవి కరుణరస ప్రధానమైన కథలు. ‘ఎందుకు కలవలేదు’ అని అడిగే ప్రేక్షకుడు విప్రలంభాన్ని ఆశించి కరుణం ముందు కూర్చున్నాడు. అతని అసంతృప్తికి కారణం రసభేదమే.

అయితే ప్రేక్షకుని పొరపాటుకు చిత్రాల బాధ్యత కూడా ఉంది. గతానికి రంగులు పూసి వర్తమానాన్ని వెలవెలబోనిస్తే ప్రేక్షకునిలో ఆశ చావదు. ‘అస్ అండ్ దెమ్’లో ఈ సందిగ్ధతను తొలగించేది తండ్రి పాత్ర. ఊళ్లో భోజనశాల నడిపే ఆ వృద్ధుడు షావ్‌షావ్‌కు రాసిన లేఖ చివర వినిపిస్తుంది. అప్పటికి ఆయన లేడు. అక్కడ శోకం ప్రేమికులను దాటి, పిల్లలు వదిలి వెళ్లిన ఇంటికి చేరుతుంది. నగరానికి వలస వెళ్లిన బిడ్డలున్న ఏ ఇంటికైనా ఆ శోకం అర్థమవుతుంది. ‘జాను’లో ఇటువంటి తృతీయ దృక్కోణం లేదు. అందుకే అక్కడ వివాదం ప్రేమికుల చుట్టూనే తిరుగుతుంది.

5. ఔచిత్య ప్రశ్న

మూడవ పక్షం ఆక్షేపాన్ని మాత్రం రసభేదంతో తోసిపుచ్చలేము. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యజీవితంగా భావించాడు. వియోగానికి మూల్యం చెల్లించేవారిలో జియాన్‌చింగ్ భార్య, జాను భర్త కూడా ఉన్నారు. వారి దుఃఖానికి ఈ కథలలో తగిన చోటు దక్కలేదు. రామ్ నిగ్రహం, జియాన్‌చింగ్ పశ్చాత్తాపం గొప్పగా కనిపించడానికి వారి మౌనం కూడా ఒక కారణం. కరుణరసం అందరి దుఃఖాన్నీ చూడగలిగినప్పుడే పరిపూర్ణమవుతుంది.

6. ముగింపు

మొదటి రెండు పక్షాలను విడదీసేది ఒకే ప్రశ్న: ఆశ మిగిలి ఉన్నదా, లేదా? రెండు చిత్రాలూ లేదనే చెబుతున్నాయి. తండ్రి లేఖ ద్వారా చైనా చిత్రం ఆ మాటను మరింత స్పష్టంగా చెప్పింది. మూడవ పక్షం అడిగే ప్రశ్నకు రెండింటిలోనూ సమాధానం లేదు. ప్రాచీన రసచర్చ నేటి ప్రేక్షకుని విసుగును కూడా వివరించగలదు. అందుకు విమర్శకుడు ముందుగా ఆ విసుగును గౌరవంతో వినాలి.