ఖాతా పుస్తకం

కర్నూలు జిల్లా కోడుమూరు కిరాణా అంగట్లో గల్లాపెట్టె పక్కన ఉండే పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం పేరు ఖాతా. అరువుకు ఇచ్చిన సరుకును పేరుతో, తేదీతో అందులో ఎక్కించడమే పద్దు రాయడం. దీపావళికి లక్ష్మీపూజ చేసి కొత్త పుస్తకం తెరిచే అంగళ్లున్నాయి, ఉగాదికి తెరిచేవీ ఉన్నాయి. మొదటి పేజీకి పసుపు కుంకుమ పెట్టి శ్రీ చుడతారు. ఆ పైన ఒక్కో ఇంటికి ఒక్కో పుట.

ఆన్‌లైన్ కంపెనీలకూ ఊరి అంగడికీ మధ్య పోటీ అనగానే ధరల గురించే మాట్లాడడం పరిపాటి. ధర సంగతి నిజమే. అయితే మెట్ట ఊళ్లలో అంగడి సరుకుతో పాటు గడువు కూడా అమ్ముతుంది. ఆ గడువు ఖరీదు ఎవరు మోస్తున్నారో చూడకుండా పోటీని అంచనా కట్టలేం.

పద్దు రాయడం చూడ్డానికి గుమాస్తా పని. సరుకు, తూకం, మొత్తం, అంతే. అసలు పనితనమంతా కలం పట్టకముందే, ఎవరికి ఎంతవరకు ఇవ్వవచ్చో తేల్చుకోవడంలో ఉంది. గాజులదిన్నె కాలువ కింద భూమి ఉన్న రైతుది ఒక లెక్క, వాన కోసం మొగులు చూసే రైతుది ఇంకో లెక్క. జూన్, జూలైలో విత్తిన బుడ్డలు (వేరుశనగ) అక్టోబరు, నవంబరులో ఇల్లు చేరతాయి. పత్తి విడతలుగా తీసి ఆదోని మార్కెట్‌కు తోలతారు. నల్లరేగడి శనగ సంక్రాంతి దాటాక చేతికొస్తుంది. ఉల్లి కర్నూలు యార్డుకు పోతుంది. ధర పడిందంటే కోత కూలి కూడా గిట్టదు. భూమి లేనివాళ్లు, ఉన్నా పండనివాళ్లు సుగ్గికి పోతారు. అంటే ఇంటిల్లిపాదీ మూట కట్టుకొని గుంటూరు వైపు మిరపకోతకు వెళ్లి, ఉగాది నాటికి తిరిగి రావడం. "సుగ్గికి పోయొచ్చినాక ఇస్తా సెట్టీ" అన్న మాటను ఎన్ని వందలకు నమ్మవచ్చో సెట్టికి తెలిసుండాలి. నిరుటి వానలు, ఆ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల, ఇంకో అంగట్లో ఉన్న బాకీ, అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. బ్యాంకులు సిబిల్ స్కోరు చూసి చేసే పనిని ఇక్కడ నోటి లెక్కతోనే కానిస్తారు. ఆ లెక్క తప్పిన పుటలు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి.

చట్టం దృష్టిలో ఈ పుస్తకానికి బలం తక్కువ. వ్యాపారంలో క్రమం తప్పకుండా రాసుకొచ్చిన పద్దులు సాక్ష్యానికి పనికొస్తాయని, అయితే కేవలం వాటిని చూపించి ఎవరి మీదా బాకీ మోపడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 28వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. గడువు రాసుకోకుండా ఇచ్చిన సరుకు సొమ్ముకు, సరుకు ఇచ్చిన మూడేళ్లలోపే దావా వేయాలి. కరువు వెంట కరువు వచ్చే సీమలో మూడేళ్లు ఏపాటి? బాకీ వసూలయ్యేది మొహమాటం మీద, రేపు మళ్లీ అదే గడప తొక్కాలన్న అవసరం మీద.

గడువు ఉచితంగానూ రాదు. వడ్డీ అని విడిగా రాయకపోయినా అది ధరలో కలిసే ఉంటుంది. ఎమ్మార్పీకి పైసా తగ్గని సబ్బు, కొంచెం పాతబడిన కందిబ్యాళ్లు, నోరు విప్పలేని బేరం. బాకీ ఉన్నవాడు పక్కంగడి మెట్టెక్కితే ఊరంతా చూస్తుంది. కొసరు అడిగే చనువు నగదు ఇచ్చేవాడిదే. ఊరి అంగడిని ఆత్మబంధువుగా కీర్తించే వ్యాసాలు ఈ పుట తిప్పవు.

ఈ ఏర్పాటు మీదికి ఆన్‌లైన్ వ్యాపారం అంచెలంచెలుగా వచ్చింది. 2007లో బెంగళూరులో పుస్తకాలతో మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2010లో వస్తువు అందాకే డబ్బు కట్టే పద్ధతి తెచ్చింది. కార్డు లేని ఊళ్లకు దారి వేసింది అదే. 2013 జూన్‌లో అమెజాన్ దిగింది. మరుసటి ఏడాది మోటో జీ, షియోమీ ఫోన్లు ఫ్లిప్‌కార్ట్‌లో తప్ప దొరకకపోవడంతో సెల్ అంగళ్లకు గట్టి దెబ్బ తగిలింది. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొన్నది. ఒకే వేదికలో అమ్మాలన్న షరతులు, తమకు వాటా ఉన్న కంపెనీల సరుకును తమ వేదికపైనే అమ్మడం చెల్లవని కేంద్రం ఆ డిసెంబరులో నిబంధన తెచ్చి, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు చేసింది. 2020 జనవరిలో ఢిల్లీ వ్యాపారుల ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ రెండు కంపెనీలపైనా విచారణకు ఆదేశించింది.

ఊళ్లో జరిగిన మార్పుకు ఢిల్లీలో పేరు లేదు. ఫోను, చెప్పులు, మిక్సీ వంటి మోడల్ నంబరున్న వస్తువులు ముందు పోయాయి. వాటితో పాటు వాటిని కొనేవాళ్లూ పోయారు. వాళ్లెవరు? నెల జీతం ఉన్న టీచర్లు, ఉద్యోగులు, బెంగళూరులోనో హైదరాబాదులోనో కొడుకు పనిచేస్తున్న ఇళ్లవాళ్లు. ఆ రెండు నగరాలనూ కలిపే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు మీదుగానే పోతుంది కాబట్టి పార్సిలు రావడమూ కష్టం కాదు. అంగడికి మిగిలింది అరువు ఖాతాదారులు. డిస్ట్రిబ్యూటరు సొమ్ము వారాల్లో కట్టాలి, రైతు బాకీ నెలల మీద తీరుతుంది. ఈ రెంటి మధ్య ఖాళీని పూడ్చింది ఇన్నాళ్లూ నగదు బేరమే. అది తగ్గితే గడువూ కురచవుతుంది, గోడ మీద "అప్పు రేపు" బోర్డు లేస్తుంది. ఆన్‌లైన్‌లో ఎన్నడూ ఏమీ కొనని కూలి మనిషికి కూడా ఆన్‌లైన్ పోటీ తగిలేది ఇక్కడే. ఈ వ్యవహారం మొత్తంలో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది ఆ మనిషే.

కంపెనీలూ అరువిస్తున్నాయి. అమెజాన్ 2020లో 'పే లేటర్' తెచ్చింది. దానికి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా కావాలి, వాయిదా నెలనెలా కట్టాలి. ఏడాదికొకసారి డబ్బు చూసే ఇంటికి నెల వాయిదా కుదరదు. ఇంకోపక్క అవే కంపెనీలు కిరాణా అంగళ్లను పార్సిళ్లు చేర్చే పనిలో పెట్టుకున్నాయి. ఖాతాబుక్ వంటి యాప్‌లు వచ్చి ఎర్ర పుస్తకాన్ని ఫోన్లోకి ఎక్కించాయి. పద్దు పడగానే బాకీదారుకు మెసేజ్ పోతుంది. లెక్కలో తగాదా రాదు. కాకపోతే, పంట చూసి నాలుగు రోజులు అడగకుండా ఊరుకునే మర్యాద మెసేజ్‌కు తెలియదు.

కోడుమూరు గద్వాల రకం చీరలు నేసే ఊరు కూడా. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు అతికే ఆ పనికి ఆన్‌లైన్ మార్కెట్ దూరపు కొనుగోలుదారును చూపించాలి. కానీ జీఎస్టీ మొదలైన 2017 నుంచి, ఆన్‌లైన్ వేదికల మీద వస్తువులు అమ్మేవాళ్లు ఎంత చిన్నవాళ్లైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. రాష్ట్రం లోపల అమ్ముకునే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు 1న గాని సడలింపు రాలేదు. నూలు మాస్టర్ వీవర్‌ది, తనకు కూలి మాత్రమే దక్కేది అయిన నేతగాడికి ఆ సడలింపుతో ఒరిగిందీ పెద్దగా లేదు. అతని ఇంటి సరుకులూ ఖాతాలోనే ఉంటాయి.

ఏడాది తిరిగి పాత పుస్తకం మూసేటప్పుడు, తీరని బాకీలను పేరుపేరునా కొత్తదానిలోకి ఎక్కిస్తారు. శ్రీ చుట్టిన పేజీ తర్వాత మొదట పడే పద్దులు అవే.