ఓపికకు తోడు కషాయం

దగ్గు పట్టుకుందంటే రెండు రోజుల్లో పోవాలంటాం. మూడో రోజుకల్లా మందుల షాపుకెళ్లి చీటీ లేకుండానే సిరప్ అడుగుతాం. జలుబుతో వచ్చే దగ్గు పూర్తిగా తగ్గడానికి సగటున 18 రోజులు పడుతుందని 2013లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. జనం మాత్రం వారం, తొమ్మిది రోజుల్లో పోతుందనుకుంటారట. అక్కర్లేని మందులన్నీ కడుపులో పడేది ఆ తొందరలోనే. వంటింటి వైద్యం మీద నాకు గురి కుదిరింది అందుకే. అది దగ్గును తరిమెయ్యదు. గొంతుకు కాస్త సుఖమిచ్చి, దగ్గు దాని మానాన అది తగ్గేదాకా మనల్ని ఓపిక పట్టనిస్తుంది.

మా ఇంట్లో కషాయం కాచే పని నాది. మిరియాలు మిక్సీలో వెయ్యను. మరీ మెత్తనైతే ఆ పొడి గొంతులో చిక్కుకుని ఇంకో రెండు దగ్గులు తెప్పిస్తుంది. చిన్న రోట్లో పది మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, చిన్న శొంఠి ముక్క నలగ్గొడతాను. శొంఠి లేని కషాయం లేదని సామెతే ఉంది కదా! గుప్పెడు తులసాకులు కూడా వేసి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా సన్నటి సెగ మీద మరిగిస్తాను. గిన్నె దగ్గర నిలబడితే ఘాటుకు ముక్కు దానంతటదే వదులుతుంది. వడకట్టి, గోరువెచ్చనయ్యాకే చెంచాడు తేనె కలుపుతాను. కడుపులో మంట ఉన్నవాళ్లకు మిరియాలు తగ్గించాలి.

రాత్రి పడుకోనివ్వని పొడి దగ్గుకు కరక్కాయ ఉండనే ఉంది. కాస్త వేయించిన పెచ్చు బుగ్గన పెట్టుకుంటే ఆ వగరుకు నోట్లో నీరూరుతుంది. అది మింగుతుంటే గొంతు తడారదు, గరగర సర్దుకుంటుంది. పడుకునే ముందు మాత్రం ఉమ్మేయాలి.

మామూలు దగ్గుకు యాంటీబయాటిక్స్ కన్నా ముందు తేనె ప్రయత్నించమని 2018లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా చెప్పాయి. అయితే ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండే బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో విషం పుట్టించవచ్చు. అలాగని సిరప్ పట్టడమూ తగదు. మధ్యప్రదేశ్‌లో విషపూరితమైన దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దంది. ఐదేళ్లలోపు వారికీ సాధారణంగా అవసరం లేదంది.

ఓపికకూ ఒక గడువుంది. దగ్గు రెండు వారాలు దాటితే, ఎక్కువసార్లు మామూలుదేనని తేలినా సరే, క్షయ కాదని తేల్చుకోవడానికి సర్కారు దవాఖానాలో ఉచితంగా చేసే తెమడ పరీక్ష చేయించుకోండి. రక్తం పడినా, ఆయాసం వచ్చినా, పిల్లలు ఎగశ్వాస పెడుతున్నా అన్నాళ్లు కూడా ఆగొద్దు. కషాయం గిన్నె దించి డాక్టరు దగ్గరికి నడవండి.