బన్యన్ జీవితం, రచన: విమర్శనాత్మక పరిశీలన

తెలుగులో 'యాత్రికుని ప్రయాణము'గా పేరుపొందిన 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' కర్త జాన్ బన్యన్ (1628–1688). ఈ భాగంలో ఆ గ్రంథాన్ని ఆయన జైలు జీవితంతో పోల్చి పరిశీలిద్దాం.

బన్యన్ ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ దగ్గర, గిన్నెలకు మాట్లు వేసే కుటుంబంలో పుట్టాడు. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని 1660 నవంబరులో అతన్ని అరెస్టు చేశారు. మొదట విధించిన శిక్ష మూడు నెలలే. ఇక బోధించనని మాట ఇస్తే విడిచిపెట్టేవారు. ఆ మాట ఇవ్వనందువల్ల 1672 వరకు జైలులోనే ఉన్నాడు.

ఈ నిర్ణయానికి మూల్యం చెల్లించింది ఆయన ఒక్కడే కాదు. ఇంట్లో మొదటి భార్య పిల్లలు నలుగురు; వారిలో మేరీ అంధురాలు. జైలులో జోళ్ల లేసులు తయారుచేసి వారిని పోషించాడు. ఆ బిడ్డ కోసం పడిన వేదనను 1666 నాటి ఆత్మకథ 'గ్రేస్ అబౌండింగ్'లో దాచకుండా చెప్పుకున్నాడు.

1678లో వెలువడిన 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' మొదటి భాగంలో ఈ వేదన రూపం మారింది. భార్యాబిడ్డలు వెనక్కి పిలుస్తుంటే క్రిస్టియన్ చెవుల్లో వేళ్లు పెట్టుకొని పరుగెత్తుతాడు. దారిలో 'చారిటీ' అనే పాత్ర కుటుంబాన్ని ఎందుకు తీసుకురాలేదని అడిగితే కన్నీళ్లు పెట్టుకుంటాడు. వారు తన మాట వినలేదంటాడు. 1684 నాటి రెండవ భాగంలో భార్య క్రిస్టియానా కూడా భర్త పట్ల తన ప్రవర్తనకు పశ్చాత్తాపపడి అదే దారి పడుతుంది. అంటే కథలో తప్పు భార్యది.

జీవితంలో జరిగింది వేరు. 1661లో రెండవ భార్య ఎలిజబెత్ న్యాయమూర్తుల ఎదుట నిలబడి భర్త విడుదలకోసం వాదించింది. భర్త అరెస్టు వార్తకు బెదిరి నెలలు నిండకుండా కన్న బిడ్డను అప్పటికే పోగొట్టుకుంది. బోధన మానుతాడా అని వారు అడిగితే, మాట్లాడగలిగినంత కాలం మానడని చెప్పింది. ఈ సంగతిని రాసిపెట్టింది బన్యనే. ఆ వృత్తాంతం 1765లో గాని అచ్చుకాలేదు.

రూపక కథలో ప్రతి పాత్రా ఒక గుణానికి ప్రతినిధి. భర్త విశ్వాసాన్ని పంచుకుంటూనే దానివల్ల నష్టపోయిన స్త్రీకి ఆ చట్రంలో చోటు దొరకలేదు. కాబట్టి బన్యన్ ధైర్యాన్ని గౌరవిస్తూనే, ఎలిజబెత్‌కు అతని రూపక కథకన్నా జైలు వృత్తాంతమే ఎక్కువ న్యాయం చేసిందని చెప్పవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బన్యన్ విడుదలకు అధికారులు కోరిన షరతు ఏమిటి?
2. క్రిస్టియానా, ఎలిజబెత్‌లను పోల్చి, పై అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారో లేదో కారణాలతో వివరించండి.